పెద్దవాళ్ల ప్రేమకథలు: ఏ మాంగా ఎవరికి?

మాంగాలో, అంటే జపాన్ కామిక్స్‌లో, ప్రేమకథ అనగానే చాలామందికి కళ్లముందు మెదిలేవి స్కూల్ యూనిఫాం, రాలుతున్న సకురా పూలు, పది పదిహేను సంపుటాలు నాన్చి నాన్చి చివర్లో చెప్పే "నువ్వంటే నాకిష్టం" అన్న ఒక్క మాట. ఆ మాటతో కథ కంచికి వెళ్లిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూ, అద్దె కట్టుకుంటూ, ఒకసారి ప్రేమలో దెబ్బతిన్న మనిషికి మాత్రం అసలు సంగతి ఆ మాట తర్వాతే మొదలవుతుందని తెలుసు. అలాంటి పాఠకుల కోసం రాసిన మాంగాలు బోలెడున్నాయి. చిక్కల్లా ఏది ముందు చదవాలో తేల్చుకోవడంలోనే. ఏ జాబితా తిరగేసినా ఇరవై ముప్ఫై పేర్లుంటాయి, అన్నిటికీ "గుండెను పిండేసే కథ" అని ఒకటే ముద్ర కొట్టేసి ఉంటుంది.

ఇక్కడ నేను ఎనిమిదింటినే తీసుకుంటున్నాను. అన్నీ ఇంగ్లీషులో అధికారికంగా వచ్చినవే. తెలుగులోకి వీటిలో ఏదీ రాలేదు కాబట్టి ఇంగ్లీషులో చదువుకోవాల్సిందే. భాష మాత్రం భయపెట్టదు, అంతా మాటల్లోనే నడుస్తుంది.

ముందు "మెచ్యూర్" అన్న ముద్ర సంగతి తేల్చుకోవాలి. మాంగాలను ఇంగ్లీషులో వేసే విజ్ అనే ప్రచురణ సంస్థ పుస్తకాల వెనుక అట్ట మీద 'టీ ప్లస్' (పెద్ద టీనేజర్లకు) అనో 'ఎమ్' (పెద్దవాళ్లకు) అనో ఉంటుంది. పడకగది దృశ్యాలు, మందు, బూతులు ఎంతున్నాయో చెప్పడం వరకే దాని పని. కథ ఎంత ఎదిగిన మనసుతో రాశారో దాన్నిబట్టి తెలియదు. ఫుమి యొషినాగా రాస్తున్న 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్డే?'లో పడకగది దృశ్యాలే లేవు, ఎక్కువ భాగం వంటింట్లోనే గడుస్తుంది. అయినా కలిసి బతకడం గురించి దానంత పెద్దరికంతో మాట్లాడే మాంగా నాకు ఇంకోటి కనబడలేదు. కింతెత్సు యమదా 'స్వెట్ అండ్ సోప్'లో పడకగది దృశ్యాలు దండిగా ఉన్నాయి, కానీ అది ఈ ఎనిమిదింటిలోకీ టెన్షన్ లేకుండా చదువుకోదగ్గ పుస్తకం. ముద్ర చూసి కొంటే రెండు విధాలా మోసపోతాం.

నా లెక్కలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వీళ్లిద్దరికీ మధ్య అడ్డం ఏమిటి? చనిపోయిన మనిషా, ఒంటి జబ్బా, డబ్బా, వయసా, మెళ్లో ఉన్న తాళా? పెద్దవాళ్ల ప్రేమకథలో మనల్ని ఏడిపించేదీ, పుస్తకం మూసి పక్కన పెట్టించేదీ ఆ అడ్డమే. ప్రస్తుతం మీరు ఏ అడ్డాన్ని తట్టుకోగలరో చూసుకుని పుస్తకం ఎంచుకోండి.

రెండు కొండలు: మెజోన్ ఇక్కోకు, నానా

ఎవరిని అడిగినా మొదట ఈ రెండు పేర్లే వస్తాయి. రెండింటిలోనూ కథ ఒక పాత అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతుంది, రెండింటిలోనూ డబ్బుల్లేని కుర్రకారు. పోలిక అక్కడితో సరి.

రుమికో తకహాషి 'మెజోన్ ఇక్కోకు' 1980 నుంచి 1987 దాకా 'బిగ్ కామిక్ స్పిరిట్స్' పత్రికలో వచ్చింది, మొత్తం 15 సంపుటాలు. కాలేజీ ఎంట్రన్స్ తప్పి మళ్లీ చదువుతున్న గొదాయ్ ఉండే శిథిలమైన ఇంటికి క్యోకో అనే అమ్మాయి మేనేజరుగా వస్తుంది. అతనికంటే రెండేళ్లు పెద్దది. స్కూలు అయిపోగానే పెళ్లాడిన భర్త ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ ఇల్లు ఆమె మామగారిదే.

భర్త పేరు సోయిచిరో. ఆమె వెంట తెచ్చుకున్న తెల్లకుక్క పేరూ సోయిచిరోనే. గొదాయ్ రోజూ పొద్దున లేస్తే ఆమె నోట ఆ పేరు ఎంతో ఆప్యాయంగా వింటుంటాడు, కుక్కను పిలుస్తూ. 15 సంపుటాల్లో ఆ భర్త ముఖం ఒక్కసారి కూడా సరిగ్గా చూపించరు. గతం చెప్పే సన్నివేశాల్లో కూడా ముఖం మీద నీడే ఉంటుంది. బతికున్న పోటీదారు ఒకడున్నాడు, మితాకా అని, టెన్నిస్ కోచ్, అందగాడు, డబ్బున్నవాడు, కుక్కలంటే చచ్చేంత భయం. అతనితో పోటీపడటం గొదాయ్‌కి కష్టమే గానీ అర్థమయ్యే కష్టం. ముఖం లేని మనిషితో ఎలా పోటీపడాలి? నవ్విస్తూ నవ్విస్తూ తకహాషి ఈ ప్రశ్నను ఏడేళ్లు లాక్కొచ్చింది. చివరికి గొదాయ్ సోయిచిరో సమాధి ముందు నిలబడి చెప్పే నాలుగు ముక్కల కోసం మిగతా అంతా చదవొచ్చు. ఆమె మనసులో ఉన్న ఆ మనిషిని చెరిపేయాలని అతను అనుకోడు. ఆమెతో పాటు అతన్ని కూడా తీసుకెళ్తానంటాడు. పెళ్లికి ఒప్పుకుంటూ క్యోకో అడిగేది కూడా ఒక్కటే: ఒక్కరోజైనా సరే, నాకంటే ఎక్కువ బతకమని.

కందుకూరి కాలం నుంచి వితంతువు మళ్లీ పెళ్లాడటం అనేది మన సాహిత్యంలో ఎక్కువగా సంస్కరణ వ్యవహారంగానే కనిపిస్తుంది. ఇందులో ఊరూ సమాజమూ అడ్డు రావు. సాక్షాత్తూ మామగారే మళ్లీ పెళ్లి చేసుకోమని పోరుతుంటాడు. క్యోకోని ఆపేది క్యోకోనే. భర్తను మరిచిపోతే ఆ ప్రేమ అబద్ధమైపోతుందేమో అన్న భయం. తెలుగు పాఠకులు ఈ ఒక్క విషయానికైనా దీన్ని చదవాలంటాను.

లోపాలూ ఉన్నాయి. సెల్‌ఫోన్లు లేని కాలం కాబట్టి సగం అపార్థాలు "ఆ ఫోన్ ఎవరెత్తారు" దగ్గరే పుడతాయి, మధ్య సంపుటాల్లో అదే మళ్లీ మళ్లీ వచ్చి విసుగెత్తిస్తుంది. పక్కగదివాళ్లు తాగి వచ్చి గొదాయ్ గదిలోనే చిందులేస్తుంటే మొదట నవ్వొస్తుంది, తర్వాత వాళ్లను తన్నాలనిపిస్తుంది. అతను మాత్రం మన కళ్ల ముందే ఎదుగుతాడు. ఉద్యోగం దొరక్క క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకుంటూ, ఆ పనే తనకు సరిపడేదని తెలుసుకుని పిల్లల బడిలో టీచరయ్యే దాకా.

ఐ యజావా 'నానా' అలా కాదు, ముందే హెచ్చరించాలి. 2000లో 'కుకీ' పత్రికలో సీరియల్‌గా మొదలైంది. 2009లో రచయిత్రి అనారోగ్యంతో ఆగిపోయింది. 21 సంపుటాలున్నాయి, ముగింపు లేదు. ముగింపు లేని కథ చదవలేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, తప్పేమీ లేదు.

ఆగనివాళ్లకు మాత్రం దీనికి సాటి లేదు. ఒకే పేరున్న ఇద్దరు ఇరవయ్యేళ్ల అమ్మాయిలు టోక్యో వెళ్లే రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చుంటారు. నానా కొమత్సు బాయ్‌ఫ్రెండ్ కోసం వెళ్తోంది. నానా ఒసాకి పాట కోసం వెళ్తోంది, ప్రేమించినవాడు పెద్ద బ్యాండులోకి వెళ్లి తనను వదిలేస్తే ఆ మొండితనంతో. లిఫ్ట్ లేని భవనంలో ఏడో అంతస్తు, 707 నంబరు ఫ్లాటు ఇద్దరూ కలిసి అద్దెకు తీసుకుంటారు. కథ చెప్పే గొంతు వీళ్లలో ఒకరిది, కొన్నేళ్ల తర్వాత నుంచి మాట్లాడుతుంటుంది. అందుకే ఆ ఇద్దరూ స్ట్రాబెర్రీ బొమ్మల గ్లాసుల్లో ఏదో తాగి నవ్వుకుంటున్నా మనకు గుబులుగానే ఉంటుంది, ఇదంతా పోతుందని ఆ గొంతు ముందే చెప్పేసింది గనక.

ఇందులో అడ్డం బయట లేదు. ఒంటరిగా ఉండలేని ఒక అమ్మాయి, ఎవరినీ పోనివ్వలేని ఇంకో అమ్మాయి. కొమత్సు గర్భవతి అవుతుంది. బిడ్డ ఎవరిదో ఆమెకే తెలియదు. మంచివాడు ఒకడు, డబ్బూ ధైర్యమూ ఉన్న స్వార్థపరుడు ఒకడు. ఆమె ఎవర్ని ఎంచుకుంటుందో చూసి పాఠకులు ఆమెను తిట్టిపోయడం మామూలే. ఇరవైల్లో చదివినప్పుడు తిట్టినవాళ్లు ముప్ఫైల్లో చదివి ఆ నిర్ణయానికి కారణాలు వెతకడమూ మామూలే. యజావా ఎవరి పక్షమూ తీసుకోదు, అదే ఆమె గొప్పతనం. ఒక్క విషయం గమనించుకోండి: ఇందులో పదిహేనేళ్ల కుర్రాడిని పెద్దవాళ్లు డబ్బిచ్చి వాడుకునే పాయ ఒకటుంది. కొందరికి అది అస్సలు మింగుడుపడదు. మత్తుమందులు, చేయిచేసుకోవడం కూడా ఉన్నాయి.

రెంటిలో ఏది? కుదుటపడాలనుకుంటే ఇక్కోకు. మీకు ఒకప్పుడు ప్రాణంగా ఉండి ఇప్పుడు మాట కూడా లేని స్నేహితురాలు ఉంటే నానా. నన్ను ఒక్కటే పేరు చెప్పమంటే ఇక్కోకు అంటాను, అది పూర్తయింది కాబట్టి కూడా.

ఒంటి బాధ: పర్ఫెక్ట్ వరల్డ్

రియే అరుగా 'పర్ఫెక్ట్ వరల్డ్' 12 సంపుటాలు, 2014 నుంచి 2021 దాకా నడిచింది. ఇరవై ఆరేళ్ల త్సుగుమి ఇంటీరియర్ డిజైన్ కంపెనీలో పనిచేస్తుంది. ఒక విందులో హైస్కూల్‌నాటి తొలిప్రేమ ఆయుకావా ఎదురవుతాడు. అప్పట్లో బాస్కెట్‌బాల్ ఆటగాడు, ఇప్పుడు ఆర్కిటెక్టు, వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉన్నాడు. ఆమెకు మొదట వచ్చే ఆలోచన "వీల్‌చైర్‌లో ఉన్నవాడితో నా వల్ల కాదు" అన్నదే. రచయిత్రి ఆ మాటను దాచకుండా పెట్టడంతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఈ తరహా కథల్లో వీల్‌చైర్ ఒక అలంకారంగా మిగిలిపోవడం చాలాసార్లు చూశాం. అబ్బాయి బాధగా కిటికీలోంచి చూస్తుంటాడు, అమ్మాయి కన్నీళ్లు తుడుచుకుంటుంది. అరుగా అలా వదిలేయదు. స్పర్శ తెలియని చోట పడే పుండు, దానివల్ల వచ్చే జ్వరం, మూత్రం మీద అదుపు లేకపోవడం, లేని స్పర్శలోంచి పుట్టుకొచ్చే నొప్పి, ఇవన్నీ ప్రేమకథ మధ్యలోకే వచ్చి కూర్చుంటాయి. ఆఫీసు పని, అతని సేవ రెండూ నెత్తినేసుకున్న త్సుగుమి నిద్రలేక రైల్వే ప్లాట్‌ఫాం మీద కళ్లు తిరిగి పట్టాల మీద పడిపోతుంది. అతను పక్కనే ఉన్నాడు. చెయ్యి అందించలేడు. ఆ తర్వాత అతను తీసుకునే నిర్ణయం తప్పని మనకు తెలుసు. కానీ ఆ దృశ్యం చూశాక తప్పని గట్టిగా అనలేం.

త్సుగుమి తండ్రి ఈ సంబంధం వద్దంటాడు. ఆ భాగాలు చదువుతుంటే జపాన్ అన్న సంగతే మరిచిపోతాం. తండ్రి దుర్మార్గుడేం కాదు, కూతురు జీవితాంతం నర్సుగా మిగిలిపోతుందని బెంగ. మన ఇళ్లల్లో సంబంధం చూసేటప్పుడు లోగొంతుకతో మాట్లాడుకునే మాటలన్నీ ఇతను పైకే అంటాడు. ఇంట్లో దీర్ఘకాలం జబ్బు మనిషిని చూసుకుంటున్నవాళ్లు దీన్ని ఎప్పుడు చదవాలో ఆలోచించుకుని మొదలుపెట్టండి. కొందరికి ఓదార్పుగా ఉంటుంది, అలసిపోయి ఉన్నప్పుడు మాత్రం బరువైపోతుంది. బొమ్మలు చూస్తే తేలికపాటి ప్రేమకథలా కనిపిస్తుంది, అది చూసి మోసపోకండి. మధ్యలో మూడోమనిషి, నాలుగోమనిషి వచ్చే సంపుటాలు కాస్త సీరియల్ ధోరణిలో సాగుతాయి. నా మటుకు అక్కడ తొందరగా పేజీలు తిప్పేశాను.

పెళ్లి గోల: తరరెబా గర్ల్స్, వీ మ్యారీడ్ యాజ్ ఎ జాబ్

"పెళ్లెప్పుడు?" అన్న ప్రశ్న వింటూ విసిగిపోయినవాళ్లకు ఈ రెండూ. రెంటి మందూ ఒకటి కాదు.

అకికో హిగాషిమురా 'టోక్యో తరరెబా గర్ల్స్' 9 సంపుటాలు, 2014–2017. ముప్ఫై మూడేళ్ల ముగ్గురు స్నేహితురాళ్లు. రింకో స్క్రిప్టు రైటర్, కయోరికి నెయిల్ సెలూన్ ఉంది, కొయుకి తండ్రితో కలిసి చిన్న బారు నడుపుతుంది. వారం వారం అక్కడే చేరి తాగుతూ "అప్పుడు గనక అలా చేసి ఉంటే" అని పాత లెక్కలు తీస్తుంటారు. రింకో ఎప్పుడో బట్టలు బాగాలేవని కాదన్న మనిషి ఇప్పుడు చక్కగా తయారై డిన్నర్‌కి పిలుస్తాడు. పెళ్లి మాటే ఎత్తుతాడని ఆమె కోటలు కడుతుంది. అతను అడిగేది ఆమె దగ్గర పనిచేసే చిన్నమ్మాయి గురించి. ఆ ఒక్క పేజీలో రింకో ముఖం చూడాలి. మందులోకి నంజుకునే చేప బీజమూ కాలేయమూ ఆమెకు తాగినప్పుడల్లా కనబడి, నోరు తెరిచి, నిజాలు మొహం మీద కొడుతుంటాయి. 2020 ఒలింపిక్స్ వచ్చేసరికి మనం నలభైకి దగ్గరపడతాం అన్న బెంగ కథంతా తరుముతుంటుంది.

ఈ పుస్తకానికి 2019లో, కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది, ఆ మాటెంత నిజమో కసిగా గిచ్చుతుందన్నదీ అంతే నిజం. ఇటీవలే సంబంధం తప్పిపోయినవాళ్లు, ఇంట్లో పోరు పడుతున్నవాళ్లు దీన్ని ఇప్పుడే చదవకండి. పరిహాసం అంతా ఆడవాళ్ల మీదే ఎక్కువ పడిందని నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది.

త్సునామి ఉమినో 'వీ మ్యారీడ్ యాజ్ ఎ జాబ్' అదే గోలను బుర్రతో ఎదుర్కొంటుంది. పెద్ద చదువు చదివీ ఉద్యోగం దొరకని మికురి, ముప్ఫై ఆరేళ్ల ఒంటరి ఇంజినీరు త్సుజాకి ఇంట్లో పనికి కుదురుతుంది. ఆమె తల్లిదండ్రులు ఊరికి మకాం మార్చేస్తుంటే, పని వదులుకోకుండా ఉండేందుకు ఇద్దరూ కాగితాల మీద పెళ్లి చేసుకుంటారు. అతను యజమాని, ఆమె జీతగత్తె. ఇంటి పనికి గంటల లెక్కన జీతం. అక్కడి దాకా సినిమా కథలాగే ఉంటుంది. తర్వాత నిజంగానే ప్రేమ పుడుతుంది, అతను సరే అసలు పెళ్లే చేసుకుందాం అంటాడు. అప్పుడు మికురి అడుగుతుంది: ఇన్నాళ్లూ జీతమిచ్చి చేయించుకున్న పని ఇప్పుడు ప్రేమ పేరుతో ఊరికే చేయించుకుంటావా? మన ఇళ్లల్లో అమ్మలూ అత్తలూ జన్మలో అడగని ప్రశ్న ఇది. దీన్ని ఆధారం చేసుకుని 2016లో వచ్చిన టీవీ డ్రామా జపాన్‌ను ఊపేసింది. అందులో జంటగా వేసిన యుయి అరగాకి, గెన్ హోషినో 2021లో నిజంగానే పెళ్లి చేసుకున్నారు, అదో కొసమెరుపు.

కొత్తగా పెళ్లయినవాళ్లు, కాబోయేవాళ్లు ఇద్దరూ కలిసి చదువుకోవడానికి ఉమినో పుస్తకమే మేలు. మికురి పిన్ని యూరి, యాభై దాటిన ఒంటరి ఉద్యోగిని, ఆమె కథ కోసం ఇంకో మార్కు ఎక్కువే వేస్తాను. హిగాషిమురా పుస్తకం స్నేహితురాళ్లు నలుగురు చేరి ఒకరికొకరు చదివి వినిపించుకోవడానికి.

తాళి ఉండగా ఇంకొకరు

తకాకో షిమురా 'ఈవెన్ దో వీ ఆర్ అడల్ట్స్' గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే తెలియకుండా చదవడమే బాగుంటుంది. బడిపంతులమ్మ అయానో ఒక బార్‌లో అకారిని కలుస్తుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఆకర్షణ, ఆ రాత్రే ముద్దు దాకా వెళ్తుంది. తర్వాతిసారి అయానో వచ్చినప్పుడు పక్కన ఒకతను ఉంటాడు, భర్త. షిమురా దీన్ని రంకు కథగా గానీ విముక్తి కథగా గానీ రాయలేదు. భర్త రాక్షసుడైతే మనకు తేలికయ్యేది. అతను ఒక మామూలు మనిషి, నొచ్చుకుంటాడు, పంతం పట్టి వెళ్లి తల్లిదండ్రులతో కలిసి ఉందామంటాడు. అత్తగారింట్లో అయానో మౌనంగా కంచాలు కడిగే ఘట్టాలు ఏ అరుపులకన్నా ఎక్కువ పనిచేస్తాయి. ఎవరూ గొంతు పెంచరు. 10 సంపుటాలు. ఎవరో ఒకరిని దోషిగా తేల్చే కథ కావాలనుకుంటే ఇది నచ్చదు.

హాయిగా చదువుకునేవి

'స్వెట్ అండ్ సోప్' మొదలు చెప్తే చాలామంది ఛీ అంటారు. సబ్బుల కంపెనీలో అకౌంట్స్‌లో పనిచేసే అసాకోకి చెమట ఎక్కువ, చిన్నప్పటి నుంచీ దానికి ఏడిపించబడింది. అదే కంపెనీలో కొత్త సబ్బులు తయారుచేసే నతోరి ముక్కు మహా చురుకు. ఆమె వాసన నచ్చి, కొత్త సబ్బు కోసం వారం రోజులు రోజూ వాసన చూడనివ్వమని అడుగుతాడు. నిజజీవితంలో అయితే ఆఫీసులో ఫిర్యాదు వెళ్లాల్సిన మాట. ఆ మొదటి అధ్యాయం గట్టెక్కితే మాత్రం, ఒకరినొకరు అడిగి, చెప్పి, సిగ్గు తీర్చుకుని, ఇల్లు చూసుకుని, పెద్దవాళ్లను కలిసి, పెళ్లి దాకా వెళ్లే ఒక ఆరోగ్యకరమైన జంట దొరుకుతుంది. తన ఒంటిని తాను అసహ్యించుకునే మనిషి మెల్లగా ఆ అసహ్యం వదిలించుకోవడమే అసలు కథ. 11 సంపుటాలు. బస్సులోనో మెట్రోలోనో తెరిచి చదివే పుస్తకం మాత్రం కాదు, పక్కవాళ్లకు కనబడితే ఇబ్బంది.

'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్డే?' 2007 నుంచి 'మార్నింగ్' పత్రికలో వస్తూనే ఉంది, 20 సంపుటాలు దాటింది. లాయరు షిరో, హెయిర్ డ్రెస్సర్ కెంజి, కలిసి కాపురం ఉంటున్న ఇద్దరు మగవాళ్లు. షిరో పిసినారి, నెలకు తిండి ఖర్చు 25,000 యెన్లు దాటకూడదని లెక్క. చవగ్గా వచ్చిన పుచ్చకాయ ఇద్దరికి ఎక్కువవుతుందని, సూపర్‌మార్కెట్లో పరిచయం లేని గృహిణితో సగం సగం పంచుకునే ఒప్పందం కుదుర్చుకుంటాడు. ఆ స్నేహం ఏళ్ల తరబడి సాగుతుంది. ఆఫీసులో తన సంగతి చెప్పుకోలేని షిరో, సెలూన్‌లో అందరికీ చెప్పేసే కెంజి, ఇద్దరి గొడవలూ అక్కడే. నలభైల్లో మొదలైన ఈ జంటకు మనతో పాటే వయసు పెరుగుతుంది. అమ్మానాన్నల జబ్బులు, ఆస్తి పంపకం, ఎవరు ముందు పోతే ఎవరి గతేమిటన్న భయం, అన్నీ కూర తరుగుతూనే మాట్లాడుకుంటారు. వంట వివరాలు నిజంగా చేసుకునేంత స్పష్టంగా ఉంటాయి. మనకు దొరకని దినుసులు మాత్రం చాలానే.

రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్కో అధ్యాయం చదువుకోవాలనుకునేవాళ్లకు ఇదే. కథ ఏమవుతుందో అన్న ఉత్కంఠ కావాలంటే ఇందులో లేదు.

కొనేముందు

ఒక చిట్కా చెప్తాను, ఈ ఎనిమిదీ అయిపోయాక కూడా పనికొస్తుంది. వెనకటి తరం ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో ఏ సీరియల్ ఎలా ఉంటుందో పత్రికను బట్టే ఊహించేది. జపాన్‌లో ఇప్పటికీ అంతే, మాంగా ఏ పత్రికలో వచ్చిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పైన చెప్పినవాటిలో పర్ఫెక్ట్ వరల్డ్, తరరెబా గర్ల్స్, వీ మ్యారీడ్ యాజ్ ఎ జాబ్, ఈవెన్ దో వీ ఆర్ అడల్ట్స్, నాలుగూ కొడాన్షా వారి 'కిస్' పత్రికలోవే. నేను కావాలని ఏరింది కాదు, నచ్చినవి రాసుకుంటూ పోతే అలా తేలింది. మీకు ఇందులో రెండు నచ్చితే, తర్వాత ఏం చదవాలన్నది ఆ పత్రిక పేరు పట్టుకుని వెతకండి. 'మార్నింగ్', 'బిగ్ కామిక్ స్పిరిట్స్' లాంటివి మగవాళ్లు ఎక్కువగా చదివే పత్రికలు, వాటి ప్రేమకథల్లో హాస్యం పాలు ఎక్కువ.

డబ్బు సంగతికొస్తే, విజ్ పుస్తకాలు మన దేశంలో తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా కాస్త తక్కువ. ఇక్కోకు, నానా ఆ కంపెనీవే. ఇక్కోకు 10 లావు సంపుటాల కలెక్టర్స్ ఎడిషన్‌గా మళ్లీ వచ్చింది, పాత 15 కోసం వెతుక్కోనక్కర్లేదు. కొడాన్షా, సెవెన్ సీస్ పుస్తకాలు దిగుమతి మీద వస్తాయి, మధ్యలో ఒక సంపుటం దొరక్క నెలలు ఆగాల్సి రావచ్చు. వాటికి డిజిటల్ నయం, పైగా అట్ట చూసి ఇంట్లో ఎవరూ ప్రశ్నలు వేయరు. పైరసీ సైట్లలో వచ్చే అనువాదాలు మాటల మీద నడిచే ఈ కథల్ని ఖూనీ చేస్తాయి. సమాధి దగ్గర గొదాయ్ మాట్లాడేది అడ్డదిడ్డంగా అనువదిస్తే ఇక మిగిలేదేముంది?

ఎంత చదివాక వదిలేయొచ్చు అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. తరరెబా మొదటి సంపుటం నచ్చకపోతే చివరి దాకా నచ్చదు, అక్కడే ఆపేయండి. స్వెట్ అండ్ సోప్‌కి రెండు సంపుటాలు ఇవ్వండి. ఇక్కోకు మొదటి రెండు మూడూ ఉత్త అల్లరే, క్యోకో బరువు మనకు తెలిసేసరికి కొంత దూరం పోవాలి, ఓపిక పట్టండి. నానా మొదటి సంపుటం మాత్రం అసలు లెక్కలోకి తీసుకోవద్దు. అందులో ఇద్దరు అమ్మాయిల పాత కథలు విడివిడిగా ఉంటాయంతే. రైలు వచ్చేది రెండో సంపుటంలో. కాబట్టి కొంటే రెండూ కలిపే కొనండి.